గనికి పోవు బాట – సైకిలు చరిత్ర

చరిత్రకారులు ఒక సీమను గూర్చి వ్రాయునపుడు రాజులను, యుద్ధములను, రైలుమార్గములను విడువక లెక్కింతురు. సైకిలును లెక్కించువారు అరుదు. అది చౌక వస్తువు, శబ్దము చేయదు, పొగ విడువదు. అయినను సింగరేణి బొగ్గుగనుల సీమ చరిత్రలో సైకిలును విడిచిపెట్టినచో అందు మనిషి భాగమే లోపించునని మేము తలంతుము. బొగ్గు భూగర్భమునుండి రైలుపెట్టెలోనికి ఎట్లు చేరినదో మనకు తెలియును. దానిని త్రవ్వినవాడు తన ఇంటినుండి గని దాక ఎట్లు చేరెడివాడు? ఆ బాటపై అతనికి గల హక్కు ఏపాటిది? ఈ ప్రశ్నలనే ఇచట కొంత విచారింతము.

1871వ సంవత్సరమున భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గు కలదని కనుగొనెను. 1886లో ఇంగ్లండున ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కులను పొందెను. 1889లో త్రవ్వకము ప్రారంభమయ్యెను. ఇల్లందు చెంతనున్న సింగరేణి అను పల్లె పేరు ఆ బొగ్గుకే పేరయ్యెను. 1920 డిసెంబరు 23వ తేదీన కంపెనీయు ఆ పేరును స్వీకరించెను. 1945లో నిజాం ప్రభుత్వము అధికభాగము వాటాలను కొని దానిని సర్కారు సంస్థగా మార్చెను. నేడు అందు తెలంగాణ రాష్ట్రమునకు 51 శాతము, కేంద్రమునకు 49 శాతము వాటాలు కలవు.

1929లో కాజీపేట – బల్లార్షా రైలుమార్గము పూర్తియగుటతో ఢిల్లీ, మద్రాసు నగరముల నడుమ నేరుదారి ఏర్పడినది. గోదావరికి ఇరుదెసలనున్న బొగ్గునేలకు బాహ్యప్రపంచము దగ్గరయ్యెను. బెల్లంపల్లి, కొత్తగూడెము, మందమఱ్ఱి గనుల పిమ్మట, 1960 ప్రాంతమున నది దక్షిణపుటొడ్డున రామగుండము బొగ్గుక్షేత్రము తెఱవబడెను. నది పేరును, గని అను అర్థమునిచ్చు ఖని శబ్దమును చేర్చి అచట వెలసిన క్రొత్త ఊరిని గోదావరిఖని అనిరి. ఊరి పేరులోనే దాని వృత్తి తెలియుచున్నది.

జనులు బొగ్గుబాయి యని పిలుచు ఆ గనికి దినము లేదు, రాత్రి లేదు. ఇరువది నాలుగు గంటలను మూడు షిఫ్టులుగా పంచి పని నడపుదురు. సైరను మ్రోగినంతనే ఒక గుంపు భూమిలోనికి దిగును. మఱియొక గుంపు పైకి వచ్చును. పల్లెలో రైతు ప్రొద్దును చూచి బయలుదేరును. గని కార్మికుడు గడియారమును చూచి బయలుదేరవలెను. మస్టరు వేళకు చేరనివాడు ఆనాటి కూలిని పోగొట్టుకొనును. కాలినడకకు ఇది కఠినమైన నియమము. ఆరు కిలోమీటర్ల దూరము నడచుటకు గంటకు మించిన కాలము పట్టును. ఎనిమిది గంటలు భూగర్భమున బొగ్గు ఎత్తినవానికి ఆ నడక రెండవ పని వంటిది. అదే దూరమును సైకిలుపై అరగంటలోపుననే దాటవచ్చును.

దీనికి శాస్త్రము కూడ సాక్ష్యమిచ్చును. 1973లో ఎస్. ఎస్. విల్సన్ అను పండితుడు జంతువుల యొక్కయు యంత్రముల యొక్కయు ప్రయాణ శక్తిని పోల్చిచూచెను. ఒక కిలోమీటరు నడచుటకు మనిషి వ్యయించు శక్తిలో సుమారు ఐదవ వంతుతోనే సైకిలుపై అంత దూరము పోవచ్చునని ఆతడు తేల్చెను. ఆ గ్రంథమును చదువకయే గని కార్మికుడు ఈ సత్యమును తన మోకాళ్ళతో గ్రహించియుండెను.

ఈ వాహనము పుట్టినది సామాన్యుని కొఱకు కాదు. 1817లో జర్మనీలోని మన్‌హైము నగరమున కార్ల్ ఫాన్ డ్రైస్ అను ప్రభువంశీయుడు రెండు చక్రముల బండిని చేసెను. దానికి పెడళ్ళు లేవు; పాదములతో నేలను తన్నుచు పోవలసినదే. 1860ల దశాబ్దమున పారిసులో ముందుచక్రమునకు పెడళ్ళు అమర్చిరి. 1885లో ఇంగ్లండునందలి కావెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ దాదాపు సమానమైన రెండు చక్రములతో, వెనుకచక్రమును త్రిప్పు గొలుసుతో రోవరు సైకిలును నిర్మించెను. 1888లో బెల్‌ఫాస్టున డన్‌లప్ గాలి టైరును కనిపెట్టెను. ఈ రెండు కూడినపుడే నేడు మనమెఱిగిన సైకిలు పుట్టినది. ధర తగ్గినకొలది అది ధనికుల విహారమునుండి దిగివచ్చి కార్మికుని పనిముట్టయ్యెను.

సైకిలుతోపాటు సైకిలు సంఘములును పుట్టినవి. 1878లో బ్రిటనులో సైకిలు యాత్రికుల క్లబ్బు ఏర్పడెను; 1880లో అమెరికాలోని న్యూపోర్టున వీల్‌మెన్ లీగు ఏర్పడెను. మొదట వారి ఉద్దేశము కలిసి విహరించుటయే. రెండు మూడు యాత్రలు ముగియునప్పటికి దారులందలి గుంతలు వారికి పాఠము చెప్పినవి. 1886లో బ్రిటనులోని సైకిలు సంఘములు కలిసి రహదారుల అభివృద్ధి సంఘమును స్థాపించినవి. అమెరికాలోనివారు మంచి రోడ్ల ఉద్యమమును నడిపిరి. మోటారుకారు ఇంకను బాల్యముననుండగనే గట్టి రోడ్డును కోరినవారు సైకిలు తొక్కువారు. పిదప ఆ రోడ్ల పైననే వారు అతిథులైరి. ఇది చరిత్రలోని వైపరీత్యము.

వారు సాధించినదానిలో ముఖ్యమైనది ఒకటి కలదు. 1888లో బ్రిటిషు పార్లమెంటు చేసిన స్థానిక ప్రభుత్వ చట్టము సైకిలును బండిగా గుర్తించెను. దానితో రాజమార్గముపై సైకిలునకు చట్టబద్ధమైన స్థానము లభించెను. రాత్రివేళ దీపము వెలిగించుట, నడచువారిని గంటతో హెచ్చరించుట అను బాధ్యతలు కూడ వచ్చినవి. హక్కును బాధ్యతయు ఒకే చట్టమున చేరియుండుట గమనింపదగినది.

ఈ సంఘములన్నియు శ్రీమంతులవి కావు. 1894లో బర్మింగ్‌హామున క్లారియన్ సైకిలు క్లబ్బును స్థాపించినవారు సామాన్య శ్రామికులు. క్లారియన్ అనునది వారు చదువు పత్రిక పేరు. ఆదివారములందు పల్లెలకు సైకిళ్ళపై పోయి ఆ పత్రికను పంచెడివారు. 1896లో జర్మనీ కార్మికులు సాలిడారిటీ అను సైకిలు సమాఖ్యను నెలకొల్పిరి. 1920ల దశాబ్దమున దాని సభ్యుల సంఖ్య మూడు లక్షలకు మించినది; ఆఫెన్‌బాకు పట్టణమున అది తన సొంత సైకిలు కర్మాగారమునే నడిపెను. 1933లో హిట్లరు ప్రభుత్వము దానిని నిషేధించెను. సైకిలు తొక్కువారి కలయికను చూచి నిరంకుశుడు భయపడెననినచో ఆ కలయికకు గల బలము ఎట్టిదో ఊహింపవచ్చును.

మన దేశమునకు సైకిలు మొదట ఓడలపై వచ్చెను. రాలీ, హంబరు, బి.ఎస్.ఏ., హెర్క్యులిస్ అను పేర్లు మన తాతల నోళ్ళలో మంత్రములవలె ఆడెడివి. స్వాతంత్ర్యానంతరము స్వదేశీ కర్మాగారములు వెలసినవి: 1949లో మద్రాసున టి.ఐ. సైకిల్సు, 1951లో సోనీపతున అట్లాసు, 1952లో ఆసన్‌సోలున సెన్ – రాలీ, 1956లో లూధియానాలో హీరో. వీనిలో ఆసన్‌సోలు రాణీగంజి బొగ్గుసీమ నడుమనున్న పట్టణమగుట గమనార్హము. భారతీయ గని కార్మికుడు తొక్కు సైకిళ్ళలో కొన్ని మఱియొక బొగ్గుసీమలోనే తయారైనవన్న మాట.

ఆనాడు ఇంట సైకిలుండుట గౌరవము. దానికొక శాస్త్రమే ఉండెడిది. ఆదివారము నాడు చక్రములు విప్పి గొలుసునకు నూనె పెట్టుట, పంక్చరైన ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగ ఎచ్చట పుట్టునో కనిపెట్టుట, కడ్డీ క్రిందినుండి కాలు దూర్చి సగము పెడలు తొక్కుచు పిల్లలు నేర్చుకొనుట – ఇవి మా తరమువారందఱికిని తెలిసినవే. మేము అద్దె సైకిలు కొఱకు గంట లెక్కన పైసలు కూడబెట్టినవారమే. పురపాలక సంఘములు సైకిలుపై సంవత్సరపు పన్ను వసూలు చేసి చిన్న రేకుబిళ్ళను ఇచ్చెడివి. దీపము లేక పోయినను, ఇద్దఱు ఎక్కినను పోలీసువాడు ఆపెడివాడు. ఇంట రేడియోకు లైసెన్సు, వాకిట సైకిలునకు బిళ్ళ – ఈ రెండును సంసారపు కాగితములలో భద్రముగా నుండెడివి. పన్ను పోయినది, రేడియో లైసెన్సును పోయినది. కాని ఒక ప్రశ్న మిగిలినది: పన్ను పుచ్చుకొన్న సైకిలునకు రోడ్డుపై దక్కిన చోటెంత?

ఈ ప్రశ్నకు మన ఇంజనీర్లే ఒక సమాధానమును వ్రాసియుంచిరి. 1962లో ఇండియను రోడ్సు కాంగ్రెసు సైకిలు బాటల నిర్మాణమునకు ప్రమాణములను ప్రకటించెను. రద్దీవేళ గంటకు 400 సైకిళ్ళు పోవుచు, మోటారు వాహనములు 100 నుండి 200 వఱకు ఉన్నచో, సైకిళ్ళకు ప్రత్యేకమైన బాట వేయుట సమంజసమని అందు కలదు. మోటార్లు 200 దాటినచో గంటకు 100 సైకిళ్ళున్నను చాలును. ఆ బాట కనీసము రెండు మీటర్ల వెడల్పు ఉండవలెను. ఇప్పుడు గోదావరిఖనిని తలచుకొందము. ఈ ప్రమాణములు వెలువడిన దశాబ్దముననే ఆ ఊరు పెరుగుచుండెను. ఒక్కొక్క భూగర్భ గనిలో షిఫ్టునకు వందల మంది పనిచేసెడివారు. దిగువారును ఎక్కువారును ఒకే వేళ ఒకే దారిపై ఎదురుపడెడివారు. రెండు మూడు గనులకు పోవు దారియైనచో 400 అను సంఖ్య పెద్దది కాదు. సైకిలు బాటకు ఇంతకంటె తగిన స్థలము వెదకినను దొరకదు.

అయితే ప్రత్యేకమైన బాట యనునది అంత తేలికైన విషయము కాదు. 1934లో లండను పశ్చిమభాగమున బ్రిటను మొదటి సైకిలు బాట తెఱవబడినపుడు సైకిలు యాత్రికుల క్లబ్బువారే దానిని వ్యతిరేకించిరి. ప్రక్కబాట నిచ్చి తమను రాజమార్గమునుండి వెళ్ళగొట్టుదురేమోయని వారి భయము. బాటలు ఇఱుకై, గతుకులై యుండుటచే ఆ భయము కేవలము నిరాధారము కాదు. ఇందుకు భిన్నమైన మార్గమును హాలండు చూపినది. అచట 1971లో ఒక్క యేటనే నాలుగు వందలకు పైగా పిల్లలు రోడ్డు ప్రమాదములలో మరణించిరి. మరునాటి యేట తలిదండ్రులు పిల్లల హత్యను ఆపుడు అను పేరుతో ఉద్యమము లేవదీసిరి. 1973 నాటి చమురు సంక్షోభము వారి వాదమునకు బలమిచ్చెను. 1975లో సైకిలువారి సంఘమును ఏర్పడెను. నేడు ఆ దేశమున సైకిలు బాటలు ఇంత విరివిగా నుండుటకు కారణము వారి నేల చదునుగా ఉండుట మాత్రమే కాదు. తల్లులు, తండ్రులు వీథిలో నిలిచి అడుగుటయే.

మన బొగ్గుసీమలో సైకిలు తగ్గిపోవుటకు కారణములు వేఱు. మొదటిది గనిలోనే కలదు. 1975లో రామగుండమున ఉపరితల గని త్రవ్వకము మొదలయ్యెను. భూగర్భ గనికి వేల చేతులు కావలెను. ఉపరితల గనికి పెద్ద యంత్రములు, కొద్దిమంది మనుష్యులు చాలుదురు. భూగర్భ గనులలోను తట్టతో బొగ్గు నింపు పనిని యంత్రములు క్రమముగా తీసికొనెను. 1990 ప్రాంతమున సింగరేణి ఉద్యోగుల సంఖ్య లక్షా పదివేలకు మించియుండగా నేడు అది నలుబదివేల ప్రాంతమునకు దిగినది. రెండవ కారణము చిన్న మోటారు బండి. 1980లో టి.వి.ఎస్. మోపెడును, 1985లో హీరో హోండా మోటారు సైకిలును వచ్చినవి. కార్మికుని జీతము పెరిగినకొలది సైకిలు గోడకు ఆనినది. 2020 జూన్ 3వ తేదీన, సరిగా ప్రపంచ సైకిలు దినమున, అట్లాసు కంపెనీ తన చివరి కర్మాగారమును మూసివేసెను.

ఇంతలో దారి స్వభావమే మారినది. 1983లో జాతీయ విద్యుత్సంస్థ వారి రామగుండము కేంద్రమున మొదటి యూనిటు పనిచేయనారంభించెను. 2004 నాటికి దాని సామర్థ్యము 2,600 మెగావాట్లకు చేరినది. ఎరువుల కర్మాగారము 1980లో ప్రారంభమై, 1999లో మూతపడి, 2021లో క్రొత్తరూపున మరల ఉత్పత్తి మొదలిడెను. హైదరాబాదునుండి వచ్చు రాజీవ్ రహదారి నాలుగు వరుసలైనది. బొగ్గు లారీలు, టిప్పర్లు, బస్సులు ఆ ధూళిలో ఒకదాని వెనుక నొకటి సాగును. అయినను సైకిలు మాసిపోలేదు. ఒప్పంద కూలీ, కూరలమ్మువాడు, పాలవాడు, బడిపిల్ల – వీరు నేటికిని దానిని విడువలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున నూటికి దాదాపు 45 కుటుంబములకు సైకిలుండెను. సైకిలు తొక్కువాడు తగ్గుటచే అతని అపాయము తగ్గలేదు, హెచ్చినది. వందమంది కలిసి పోవునపుడు లారీ తనంతట నెమ్మదించును. ఒంటరిగా పోవువానిని చూచి నెమ్మదింపదు.

గనిబాట ప్రధానముగా పురుషుల బాట. 1952 నాటి గనుల చట్టము స్త్రీలు భూగర్భమున పనిచేయరాదని నిషేధించెను. 2019లోనే ఆ నిషేధము సడలింపబడినది. కావున సైకిలును పురుషుని సొత్తుగనే చాలకాలము చూచితిమి. ఈ భావమును పోగొట్టిన ఉదాహరణము మఱియొక రాష్ట్రమున కలదు. 1991 – 92లో తమిళనాటి పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతోపాటు స్త్రీలకు సైకిలు నేర్పిరి. నాటి కలెక్టరు షీలారాణి చుంకత్ దానికి అండగా నిలిచెను. రాతి క్వారీలలో పనిచేయు స్త్రీలు మొదలు ఉపాధ్యాయినుల వఱకు లక్షకు పైగా నేర్చుకొనిరని ప్రసిద్ధి. 2006లో బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళిచ్చుటతో ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య పెరిగినది. చదువునకును ఇంటికిని నడుమ ఉన్న నాలుగైదు కిలోమీటర్లే ఎందఱి చదువులనో ఆపివేసెనని దీనివలన తెలియుచున్నది.

ఇటీవల మన రాష్ట్రమున సైకిలు మరల గౌరవము పొందుచున్నది. హైదరాబాదు బైసిక్లింగ్ క్లబ్బు నెక్లెసు రోడ్డున సైకిలు కేంద్రమును నడిపినది. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలో ముగించు దీర్ఘయాత్రికుల సంఘమును ఆ నగరమున కలదు. 2020లో కేంద్ర ప్రభుత్వము పట్టణములకు సైకిలు పోటీని ప్రకటింపగా మరుసటి యేట ఎన్నుకోబడిన 11 నగరములలో వరంగల్లు ఒకటి. 2023 అక్టోబరు 1వ తేదీన హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల బాటను, పైన సౌరఫలకముల కప్పుతో ప్రారంభించిరి. ఎండవేళ నీడయు, రాత్రివేళ దీపమును అచట కలవు. ఇది సంతోషింపదగిన విషయమే. అయినను ఒక మాట చెప్పక తప్పదు. వేకువను వ్యాయామమునకు తొక్కువానికి నీడగల బాట లభించినది. అర్ధరాత్రి పనినుండి మరలువానికి దీపముగల బాట ఇంకను లభింపవలసియున్నది.

గనిలోనికి దిగువాడు ముందుగా దీపపు గదికి పోయి టోపీదీపమును పుచ్చుకొనును. భూగర్భమున ఆతని నుదుట వెలుగుండును. ఎదుటివాడు ఆతనిని దూరమునుండియే గుర్తించును. షిఫ్టు ముగిసినంతనే ఆ దీపమును గదిలో అప్పగించి సైకిలెక్కును. వేయి అడుగుల లోతున కనబడిన మనిషి తన ఊరి రోడ్డుపై కనబడకుండ పోవును. గనిలో మన మొనర్చిన జాగ్రత్తను గని వెలుపల ఎందుకు చేయరాదు?

కావున మేము కోరునది గొప్ప వింత కాదు. సైకిలు సంఘములు విహారముతో తృప్తి పడక తమ ఊరి దారులను లెక్కింపవలెను. ఏ వేళ ఎన్ని సైకిళ్ళు పోవుచున్నవో రెండు దినములు నిలిచి వ్రాసికొన్నచో, 1962 నాటి ప్రమాణమును చేతపట్టుకొని పురపాలక కార్యాలయమునకు పోవచ్చును. బ్రిటనులోని యాత్రికులు 1886లోను, హాలండు తలిదండ్రులు 1972లోను చేసినది ఇదియే: తమ కష్టమును లెక్కలోనికి మార్చి, కలిసి అడుగుట. కాలనీకిని బడికిని నడుమ, కాలనీకిని గనికిని నడుమ రెండు మీటర్ల బాట, దానిపై నాలుగు దీపములు, గనివాకిట నీడగల స్టాండు – ఇవి విద్యుత్తును పుట్టించు సీమకు భారము కాజాలవు.

అంతవఱకు ఇండ్లలోని వారమైన మనము చేయదగిన చిన్నపని యొకటి కలదు. మీ ఇంటినుండి రాత్రి షిఫ్టునకు గాని, వేకువ చదువునకు గాని సైకిలుపై పోవువారున్నచో, ఈ వారమే దాని వెనుక మడ్గార్డునకు ఒక ఎఱ్ఱదీపమును బిగింపుడు. బ్రేకులు చూడుడు. గంట మ్రోగునో లేదో వినుడు. రోడ్డు మనకు చోటిచ్చుటకు ఇంకను కొన్ని యేండ్లు పట్టవచ్చును. మనవాడు రేపు ఉదయము క్షేమముగా ఇల్లు చేరవలెను.